ఏడుగురి నొప్పుల్లో ఒకరి నొప్పి

2023 జూన్ మూడో వారం. విశాఖపట్నం మల్కాపురంలో మా మందుల షాపు. మెయిన్ రోడ్డు మీద కాదు, ఆటోలు ఆగే చోటు నుంచి లోపలికి రెండో సందులో. గాలి పోర్టు వైపు నుంచి వీస్తే కౌంటరు అద్దం మీద సన్నటి నల్లపొడి పడుతుంది. రిఫైనరీ వైపు నుంచి వీస్తే వాసన వస్తుంది. ఏ గాలీ లేకపోతే ఉక్క. మా దగ్గర మందులు కొనేవాళ్ళలో సగం మంది ఆ రెండు చోట్లా పనిచేసే కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళవాళ్ళు. మిగతా సగంలో ఎక్కువమంది కొండ అవతల యారాడ నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు. పొద్దుటే సరుకు అమ్ముకుని, తిరుగు ఆటో ఎక్కే ముందు ఇంటిల్లిపాదికీ కావలసిన మందులు తీసుకుని వెళతారు. వాళ్ళ మగవాళ్ళు షాపు మెట్టెక్కడం తక్కువ. నేను చెప్పబోయే సంగతిలో చిక్కంతా అక్కడే ఉంది.

నేను రిజిస్టర్డ్ ఫార్మసిస్టుని. చీటీలో డాక్టరు రాసిన మందు ఇవ్వడం ఒక్కటే కాదు, అది ఆ మనిషి అప్పటికే వేసుకుంటున్న మందులతో తగవు పెట్టుకుంటుందేమో చూడడం కూడా నా పనే. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను బడికి వెళ్ళలేదు. ఎనిమిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం ఒకటి దెబ్బతింది. ఎండలో తిప్పవద్దన్నారు. మా నాన్నగారు డిస్పెన్సరీలో కాంపౌండరు. సాయంత్రం ఇంటికి వచ్చాక నన్ను వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టుకుని లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. వేరే పుస్తకం లేని రోజున మందు డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితమే నా ఇంగ్లీషు పాఠం. ఎవరూ చదవకుండా పారేసే ఆ కాగితంలోనే ఏ మందు దేనితో కలవకూడదో రాసి ఉంటుంది. ప్రైవేటుగా పది రాసి, ఆరోగ్యం కుదుటపడ్డాక కాలేజీకి వెళ్ళి ఇంటరూ, డి.ఫార్మసీ చదివాను. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజక్షన్ చేయించుకుని బతికినదాన్ని. అందుకే షట్టరు ఎత్తగానే సింహాద్రి అప్పన్న పటం దగ్గర అగరొత్తి వెలిగించి, వెనక్కి తిరిగి మందుల అలమరకి కూడా ఒక దణ్ణం పెట్టుకుంటాను.

ఎల్లాజీ యారాడలో ఫైబర్ బోటు ఉన్న మనిషి. యాభై దాటాయి. ఆయనతో కలిపి బోటు మీద ఏడుగురు. రెండేళ్ళ కిందట గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. అప్పటినుంచి మందులు మా దగ్గరే. నెలనెలా ఆయన భార్య నూకరత్నం వచ్చి తీసుకెళుతుంది. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. ఆ వరసన నూకరత్నం నాకు వదిన.

ఆయన మందుల్లో రాత్రి పూట వేసుకునేది అటోర్వాస్టాటిన్. స్టాటిన్ అనే జాతి మందు. మన కాలేయం తనంతట తానే కొలెస్ట్రాల్ తయారు చేస్తుంది. అందుకు దానికి ఒక ఎంజైమ్ కావాలి. ఎంజైమ్ అంటే శరీరంలో ఒక్కో పని చేసిపెట్టే పనివాడు అనుకోండి. స్టాటిన్ పోయి ఆ పనివాడి చేతులు పట్టుకుంటుంది. ఇంట్లో తయారీ తగ్గిపోయిన కాలేయం ఊరుకోదు, రక్తంలో తిరుగుతున్న చెడు కొలెస్ట్రాల్‌ని తన వైపు లాక్కుంటుంది. రక్తనాళాల గోడలకి పట్టే మడ్డి తగ్గుతుంది. అందుకే స్టెంట్ పడినవాళ్ళకి దాదాపు జీవితాంతం ఇది రాస్తారు.

జీవితాంతం అనే మాట ఎల్లాజీకి నచ్చేది కాదు. ఆయన షాపుకి వచ్చిన ఒకటి రెండు సార్లూ అదే వాదన.

"సెల్లెమ్మా, కొలెస్ట్రాలు తగ్గిపోనాదని డాక్టరు బాబే సెప్పాడు గదా. మరింకా దేనికీ మాత్తర? కన్నం పూడ్సీసినాక కూడా పడవలో నీల్లు తోడతా కూకుంటామేటి?"

"కన్నం పూడలేదు అన్నయ్యా. నువ్వు రోజూ తోడుతున్నావు కాబట్టే నీళ్ళు కనిపించడం లేదు."

"నీతో మాటకి గెలవనేమమ్మా," అని స్ట్రిప్పు జేబులో పెట్టుకునేవాడు. ఒక్క రాత్రీ మానలేదు. రక్తపరీక్షలన్నీ బాగుండేవి. రెండేళ్ళలో ఆ మందు ఆయనకి చేసిన ఇబ్బంది ఏమీ లేదు.

మా తీరంలో ఏటా ఏప్రిల్ నడుమ నుంచి జూన్ నడుమ దాకా చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంచాలి. రెండు నెలలు వలలు బాగు చేసుకోవడం, రంగులు వేసుకోవడం, నీడన కూర్చోవడం. ఆ తర్వాత ఒక్కసారిగా వేట తెరుస్తారు. తెరిచిన వారం మా షాపులో ఒక్కటే మాట, ఒళ్ళునొప్పులు. బోటు యజమాని ఇంటి ఆడమనిషి బోటంతటికీ కలిపి మాత్రలు కొనడం వాళ్ళ అలవాటు. డీజిలు, ఐసు, బోటు మీదకి టిఫిను ఎలాగో, ఆ వారం పారాసిటమాల్ కూడా అలాగే. నాకు తెలుసు కాబట్టి ముందే తెప్పించి కౌంటరు మీద పెట్టుకుంటాను.

ఆ మంగళవారం నూకరత్నం ఖాళీ గంప మెట్టు పక్కన దించి లోపలికి వచ్చింది.

"అమ్మా, బోటుకి ఒల్లునొప్పుల మాత్తర్లు ఇయ్యి. ఏడుగురు."

"ఎలా ఉన్నారు వదినా అందరూ?"

"ఎలాగుంతారు? రెండు నెల్లు తిని తొంగున్నోల్లు ఒకేపాలి వల లాగితే ఎలాగుంతారు? ఒక్కొక్కడూ నెల్లు నిండిన పిల్లలాగ నడుం మీద సెయ్యేసుకుని నడస్తన్నాడు."

"అన్నయ్య?"

"అందరికన్నా పెద్ద మూలుగు ఆయందే. బోటు ఆయంది గదా, మూలుగులో కూడా వాటా ఎక్కువుండాల."

ఇద్దరం నవ్వుకున్నాం. ఏడుగురికి లెక్కకట్టి స్ట్రిప్పులు ఇచ్చాను. ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో చెప్పాను. గుండె మందులు వాడుతున్నాడు కాబట్టి, వేరే నొప్పి మాత్రలు ఎవరిచ్చినా అన్నయ్యకి వేయవద్దని కూడా చెప్పాను. జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. అడగవలసిన మాట మాత్రం అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి గంప దించకముందే మాట మొదలుపెట్టింది.

"నీ మాత్తర్లు ఆరుగురికి పన్సేసినాయమ్మా, మీ అన్నయ్యకే పన్సెయ్యనేదు. ఇంకేటైనా గట్టిది ఇయ్యి. సూదైనా పర్నేదు, ఏయించీస్తాను."

"ఎక్కడ నొప్పి?"

"తొడలూ, బుజాలూ. పీట మీద కూకుంటే లెగనేకపోతన్నాడు. పొద్దుట సొక్కా తొడుక్కోడానికి సెయ్యి పైకెత్తనేకపోనాడు, నానే తొడిగాను. నాలుగు దినాలై మూలుగుతానే వల లాగుతన్నాడు, మానెయ్యమంటే ఇనడు."

"జ్వరం ఉందా?"

"నేదు. ఇదిగో, బార్లీ గింజలు కూడా ఒక పేకెట్టు ఇయ్యి. వేడి సేసీసినాది. ఒంటేలుకెల్తే డికాసన్ లాగ నల్లగా పడతందంట."

బార్లీ పేకెట్టు కోసం అటు తిరిగినదాన్ని తిరిగినట్టే ఆగిపోయాను.

ఒక మందు గురించి చదివేటప్పుడు కొన్ని మాటలు పక్కపక్కనే కనిపిస్తాయి. స్టాటిన్. తొడల్లో, భుజాల్లో నొప్పి, బలహీనత. టీ రంగు మూత్రం. ఈ మూడూ ఒకే మనిషిలో కనబడితే దాని పేరు రాబ్డోమయోలైసిస్. నోరు తిరగని పేరు, కానీ విషయం తేలికే. కండరాలు కరిగిపోతాయి. కరిగిన కండలోని ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి, కిడ్నీల్లోని సన్నటి గొట్టాలకి అడ్డం పడుతుంది. ఆలస్యమైతే కిడ్నీలు ఆగిపోతాయి. స్టాటిన్ వేసుకునేవాళ్ళలో ఇది చాలా అరుదు. ఇన్నేళ్ళలో నేను పుస్తకంలో చూడడమే గాని మనిషిలో చూడలేదు.

"వదినా, అన్నయ్య మేమిచ్చేవి కాకుండా ఇంకేమైనా మందులు వాడుతున్నాడా?"

"ఏటీ నేవమ్మా."

"దగ్గుకి గాని, పన్నునొప్పికి గాని ఎవరి దగ్గరైనా తెచ్చుకున్నాడా? చెట్టు మందులు?"

"నేవు."

ఎల్లాజీకే ఫోన్ చేశాను. సముద్రపు హోరు వినిపిస్తోంది. బోటు దగ్గరే ఉన్నాడు.

"ఏటీ నేవు సెల్లెమ్మా. నువ్విచ్చినయ్యే. వొల్లంతా పచ్చి పుండులాగుంది. ఏదైనా మంచి మాత్తర దానికిచ్చి పంపు. రేపు తెల్లారగట్ల మల్లీ ఎల్లాల."

ఫోన్ పెట్టేశాను. రెండేళ్ళు అదే మందు, అదే మోతాదు. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్న మందు ఇప్పుడెందుకు తిరగబడుతుంది? తనంతట తాను తిరగబడదు. ఎవరో రెచ్చగొట్టి ఉండాలి.

"వదినా, ఏదో ఒకటి ఉంది. నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, డాక్టరుకైనా చెప్పాలి. చెప్పకపోతే ఆ మనిషి కిడ్నీలు పోతాయి. నేను భయపెట్టడానికి అనడం లేదు."

నూకరత్నం వీధి వైపు చూసింది. కౌంటరు దగ్గర ఇంకో ఇద్దరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. చెక్క తలుపు ఎత్తి కౌంటరు లోపలికి వచ్చేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లోపలికి రాలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, "తామరమ్మా," అంది. "గజ్జల్లో. ఎండలకి మొదలైనాది, పొట్ట దాకా పాకీసినాది. నీకు సెప్పొద్దన్నాడు. సెల్లెమ్మ అంటాడు గదా, సెల్లెమ్మకి సెప్పుకునే రోగమేటమ్మా అది?"

"మందు ఎక్కడ తెచ్చుకున్నాడు?"

నడుము దగ్గర దోపుకున్న చిన్న గుడ్డసంచి తీసింది. లోపల చిల్లర మధ్య నుంచి ఖాళీ స్ట్రిప్పు ఒకటి బయటికి లాగింది. మా షాపులో పని అయ్యాక, మూడో సందులో ఉన్న ఇంకో షాపుకి వెళ్ళి అవి మళ్ళీ కొనుక్కోవడానికి తెచ్చుకుందట. నెల రోజులుగా ప్రతిసారీ అలాగే, మొదట నా దగ్గరికి, తర్వాత అక్కడికి. ఒకే సంచి, ఒకే మనిషి మందులు, రెండు షాపులు.

స్ట్రిప్పు మీద పేరు చదివాను. ఇట్రాకొనజోల్. రోజుకి రెండు క్యాప్సూల్స్ చొప్పున.

తామర లాంటి ఫంగస్ జబ్బులకి మంచి మందే అది. కానీ దానికో గుణం ఉంది. అటోర్వాస్టాటిన్ పని అయిపోయాక దాన్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైమ్ ఒకటి కాలేయంలో, పేగుల్లో ఉంటుంది. సి.వై.పి. త్రీ ఏ ఫోర్ అంటారు. ఇట్రాకొనజోల్ దాన్ని పనిచేయనివ్వదు. రోజూ వేసుకునే మాత్ర ఒకటే, కానీ నిన్నటిది పోలేదు, మొన్నటిది పోలేదు. పోగుపడిపోయింది. కొన్ని యాంటీబయాటిక్స్ కూడా ఇదే పని చేస్తాయి.

నూకరత్నానికి ఎంజైమ్ అంటే ఏం చెప్పను?

"వదినా, రోజూ ఒక గంప చేప ఒడ్డుకి వస్తుంది. కోసి శుభ్రం చేసే మనుషులున్నారు కాబట్టి ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది. ఎవరో వచ్చి ఆ మనుషుల చేతులు కట్టేశారనుకో. గంప ఒకటే వస్తుంది, రోజూ అంతే వస్తుంది. నాలుగు రోజులకి ఏమవుతుంది?"

"కుల్లిపోతాది."

"అన్నయ్య ఒంట్లో గుండె మాత్ర అలా పేరుకుపోయింది. చేతులు కట్టేసింది ఈ తామర మందు."

ఆమె స్ట్రిప్పు వంక పామును చూసినట్టు చూసింది. తర్వాత ఆమె అన్న మాటలో బరువు వేట ఇళ్ళవాళ్ళకే తెలుసు. "ఇప్పుడే గదమ్మా సేప దగ్గిరికొచ్చినాది. ఆదివారం ఏటకెల్లరు. ఆదివారం తీసుకెల్తానే."

"ఆదివారం దాకా ఆగడానికి లేదు వదినా. ఇవాళే వెళ్ళాలి, ఇప్పుడే."

నాకు చాలాకాలంగా తెలిసిన డాక్టరుగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన రెండు మందులూ ఆపేయమన్నారు. నొప్పి సూది ఏదీ వేయించవద్దన్నారు. నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళమని, తాను అక్కడికి చెబుతానని అన్నారు. నేను ఒక కాగితం మీద ఎల్లాజీ వేసుకునే మందులన్నీ రాశాను. ఏది ఎప్పటినుంచి, ఎంత మోతాదు, నేనిచ్చిన పారాసిటమాల్‌తో సహా. దాని కిందే ఆ ఖాళీ స్ట్రిప్పు స్టేపుల్ చేశాను.

ఎల్లాజీ మాత్రం ఫోనులో ససేమిరా అన్నాడు. నేను చెప్పినా వినలేదు. చివరికి నూకరత్నం నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఇదిగో, నీ తామర సంగతి సెల్లెమ్మకి తెలిసిపోనాది. ఇంక దాసుకోడానికి ఏటీ నేదు. ఆటో ఎక్కు."

అవతల నుంచి, "ఎవలు సెప్పారు?" అని వినిపించింది.

"నానే సెప్పాను. గుట్టుగా సస్తావా, సిగ్గుపడి బతుకుతావా?"

ఆటో ఎక్కాడు. వాళ్ళ బోటులో పనిచేసే బావమరిది వెంట వచ్చాడు. మా సందు మలుపులో నూకరత్నం కూడా ఎక్కేటప్పుడు నేను వెళ్ళి చూశాను. ఎల్లాజీ సీటు మీద పక్కకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. వలతాళ్ళు లాగే ఆ చేతులు ఒడిలో విడిచిన బట్టల్లా పడి ఉన్నాయి. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. ప్రాణం మీదికి వచ్చినా నన్ను చూసి పడిన సిగ్గే ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

కండ ఎంత కరిగిందో చెప్పే రక్తపరీక్షని సి.కె. అంటారు. వచ్చిన అంకె నమ్మలేక ల్యాబువాళ్ళు మళ్ళీ చేశారట. రెండోసారీ అదే వచ్చింది. కిడ్నీ పరీక్ష కూడా చెడిపోయి ఉంది. సెలైన్ మీద సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ వైద్యంలో ముఖ్యం అదే, అడ్డం పడిన దాన్ని నీళ్ళతో కడిగి పంపడం.

రోజూ సాయంత్రం నూకరత్నం ఫోన్ చేసేది. మంచం పక్కన వేలాడే మూత్రం సంచీ రంగే మాకు వార్త. మొదటి రోజు, "డికాసనేనమ్మా," అంది. రెండో రోజు కూడా డికాషనే. మూడో రోజు, "రంగు మాటేటమ్మా, అసలు పడ్డమే తగ్గిపోనాది," అంది. "డయాలసిస్ సెయ్యాలేమో అంతన్నారు. అది మొదలెడితే ఇంక ఆపరంట గదా? ఆయన్ని సముద్రం మీదకి పోనియ్యరంట గదా?"

"కొందరికి కొన్నాళ్ళే చేస్తారు వదినా, కిడ్నీలు కోలుకుంటే ఆపేస్తారు," అన్నాను. అది నిజమే. కానీ కోలుకుంటాయని చెప్పగలిగే జ్ఞానం నాకు లేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాను. నోటికి వచ్చిన స్తోత్రం సగంలో ఆగిపోయింది. మంగళవారం నా కౌంటరు ముందు జరిగిన మాటలే చెవిలో తిరిగాయి. అన్నయ్యకి ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, మూత్రం ఎలా ఉంది? ఈ మూడు ప్రశ్నలకి నిమిషం పట్టదు. స్టాటిన్ వాడే మనిషి ఒళ్ళునొప్పులంటే ముందు అడగవలసినవి ఇవేనని నేనే ఎంతమందికో చెప్పాను. ఆ రోజు అడగలేదు. వేట తెరిచిన వారం కదా, అందరికీ ఉండే నొప్పే కదా అనుకున్నాను. మంగళవారం అడిగి ఉంటే మూడు రోజులు కలిసొచ్చేవి. ఆ మూడు రోజులూ ఆయన రెండు మందులూ వేసుకుని, కరిగిపోతున్న కండలతో వల లాగాడు. స్వామికి అదే చెప్పుకున్నాను. దాచడానికేముంది, ఆయనకి తెలియనిదా?

నాలుగో రోజు ఫోను రాలేదు. నేను చేయడానికి ధైర్యం చాలలేదు. ఐదో రోజు పొద్దున, షాపులో ఇద్దరు ముగ్గురు ఉండగా మోగింది.

"అమ్మా! పాలు తక్కువేసిన టీ!"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అప్పన్న పటం వైపు తిరిగి దణ్ణం పెట్టాను.

"సంచి నిండిపోతందమ్మా. ఇప్పటికి రెండుపాల్లు ఒంపీసినారు. డయాలసిస్ ఒద్దన్నారు, సూద్దామన్నారు."

వారం తిరిగేసరికి సంచీ బార్లీ నీళ్ళ రంగుకి వచ్చింది. ఇంకొన్ని రోజులకి ఇంటికి పంపారు. లేచి నడవడానికి మాత్రం నెల పట్టింది. బోటు ఆగలేదు. బావమరిది నడిపాడు.

వాళ్ళు ఆసుపత్రిలో ఉండగానే ఒకరోజు నూకరత్నం పక్కన కూర్చుని నా తప్పు చెప్పేశాను. "నువ్వడిగినా సెప్పేవోడు కాదమ్మా," అంది. అది ఆమె మంచితనం. అడిగినా చెప్పకపోవడం ఆయన లెక్క, అడగకపోవడం నా లెక్క.

మూడో సందు షాపతని దగ్గరికీ వెళ్ళాను. తగవుకి కాదు. అతనూ నాలాంటివాడే, ఇరవై ఏళ్ళుగా తెలుసు. డాక్టరు చీటీ లేకుండా నెల రోజులు ఆ మందు ఇవ్వడం తప్పేనని తనే ఒప్పుకున్నాడు. "మొదటిసారి ఆయనే వచ్చి మందు అడిగాడు. గుండె మాత్రలు వాడుతున్నానని ఒక్క ముక్క చెప్పలేదు మేడమ్," అన్నాడు. ఎందుకు చెబుతాడు? తామరని నా దగ్గర దాచాడు, గుండెని అతని దగ్గర దాచాడు. బోటు నడిపే మనిషి గుండె ఇంకా బాగుపడలేదని ఊళ్ళో పొక్కితే వెంట వెళ్ళే ఆరుగురూ వేరే బోటు చూసుకుంటారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా ఇద్దరికీ చెరో సగం మనిషి తెలుసు. మొత్తం మనిషి తెలిసింది నూకరత్నం నడుము దగ్గరి గుడ్డసంచికే.

ఈ కబురు కొండ దాటి యారాడ అంతా పాకింది. మరో వారానికి ముగ్గురు మనుషులు స్టాటిన్ స్ట్రిప్పులు తెచ్చి నా కౌంటరు మీద పడేశారు. "ఈ మాత్తర కిడ్నీలు తినేస్తాదంట, మాకొద్దు," అన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి చెప్పాను. ఇది చదువుతున్న మీకూ అదే చెబుతున్నాను. ఎల్లాజీ గుండెని రెండేళ్ళు కాపాడింది ఆ మాత్రే. దాన్ని ఎవరికి వారు మానేయకండి. మానేస్తే వచ్చే ప్రమాదం ఇంతకంటే ఎక్కువ. కొత్త మందు ఏది మొదలుపెట్టినా, యాంటీబయాటిక్ అయినా తామర మందయినా, ఈ మాత్ర వేసుకుంటున్నానని చెప్పండి. స్టాటిన్ వాడుతుండగా కారణం తెలియని కండరాల నొప్పి వస్తే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. మూత్రం నల్లబడితే వేడి చేసిందనుకుని బార్లీ కాచుకుని కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్ళండి.

ఎల్లాజీకి కొన్ని నెలలు ఆగి, పరీక్షలన్నీ మామూలయ్యాక గుండె డాక్టరుగారు రోసువాస్టాటిన్ మొదలుపెట్టారు. అదీ స్టాటినే, కానీ బయటికి పోవడానికి ఆ ఎంజైమ్ మీద పెద్దగా ఆధారపడదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించారు. తామరకి చర్మం డాక్టరుగారు పూత మందు రాశారు.

ఆయన మా షాపుకి వచ్చింది దీపావళి ముందు. మనిషి సగమయ్యాడు గాని గొంతు అదే. కౌంటరు నిండా జనం. నేను పక్కకి పిలిచి అడుగుదామనుకునేలోపే అందరికీ వినబడేలా, "సెల్లెమ్మా, తామర పూర్తిగా పోనాది!" అని ప్రకటించాడు. బయట సందులో ఇస్త్రీ బండి అతను కూడా తలెత్తి చూశాడు. నాకు నవ్వూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి.

"మంచిది అన్నయ్యా. కొత్త మాత్ర ఎలా ఉంది?"

"తోడతన్నాను, తోడతన్నాను. నీల్లు కనబడతంలేవు," అన్నాడు.

ఆ తర్వాత నా పనిలో రెండు మార్పులు చేసుకున్నాను. కౌంటరు లోపల ఒక మూలకి తెర కట్టి స్టూలు వేశాను. మనిషి పైకి చెప్పలేనిది అక్కడ కూర్చుని రాసి ఇవ్వవచ్చు, రాయడం రానివాళ్ళు ఒంటిమీద చోటు చూపించవచ్చు. నా మేనల్లుడు డి.ఫార్మసీ పూర్తిచేసి సాయంత్రాలు షాపులో ఉంటున్నాడు, మగవాళ్ళు కావాలంటే అతనితో చెప్పుకుంటారు. రెండోది, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకి అందరూ లేవనే అంటారు. "సంచీ చూపించండి" అంటున్నాను.

మరుసటి జూన్‌లో మళ్ళీ వేట తెరిచారు. రెండో రోజు నూకరత్నం వచ్చింది. ఒళ్ళునొప్పుల మాత్రలు అడగలేదు. గంపలోంచి ఒక పెద్ద కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. లోపల ఏడు చిన్న కవర్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు వలదారంతో ముడి.

"ఇదిగో, బోటు బోటంతా తెచ్చాను. ఎవడు ఏటి మింగుతన్నాడో అంతా ఇందులో ఉంది. ఇయ్యనంటే బోటు ఎక్కనియ్యనన్నాడు మీ అన్నయ్య." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎవడి రోగం ఎవడికీ సెప్పకు."

"చెప్పను వదినా."

ఆ వారం షాపు నిండా జనం. అయినా ఒక్కో ముడీ విప్పి, ఒక్కో మనిషి పేరు అడిగి, స్ట్రిప్పులన్నీ బయటపెట్టి చదివాను. ఆ తర్వాతే పారాసిటమాల్ డబ్బా వైపు చెయ్యి చాపాను. మూడో ముడిలో బి.పి. మాత్రల పక్కన ఎవరో ఇచ్చిన గట్టి నొప్పి బిళ్ళలు కనిపించాయి. కిడ్నీలకి మంచిది కాని జోడీ. "ఇది ఎవరిది?" అన్నాను. నూకరత్నం పేరు చెప్పింది. అతన్ని సాయంత్రం రమ్మన్నాను. వచ్చాడు.

నా చదువు వంటింటి గడప దగ్గర మందు కాగితాలతో మొదలైంది. అందులో లేనిదీ, నాకు ఇంకా నేర్పవలసినదీ ఒకటి మిగిలిపోయిందేమో, దాన్ని ఎల్లాజీ ఒంటి మీదుగా నేర్పించాడు స్వామి. ఆ మనిషిని తిరిగి బోటెక్కించినందుకు ఈనాటికీ రెండు చేతులూ జోడిస్తాను. నొప్పులు ఏడుగురికీ ఒకే వారంలో రావచ్చు. అడగవలసింది మాత్రం ఏడుసార్లు.